జాకీ మీద నుంచి కారు జారింది, ఎక్కడ తప్పు చేశానో చెప్పండి

చందు_నందిగామ
ఆదివారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప ఒక్క ముక్క రాసింది లేదు. ఈరోజు జరిగినదానికి ఇంకా నిద్ర పట్టడం లేదు, అందుకే రాస్తున్నా.

అమ్మా నేనూ నందిగామ నుంచి హైదరాబాద్ వస్తున్నాం. ఆరేళ్ల పాత చిన్న హ్యాచ్‌బ్యాక్. కోదాడ దాటి మునగాల దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం ఆరున్నర అయింది. వెనక నుంచి దబదబమని శబ్దం, సీటు కింద ఎవరో ఊపుతున్నట్టు ఉంది. హజార్డ్ లైట్లు వేసి ఎడమ పక్కకి తీసి ఆపాను. దిగి చూస్తే వెనక కుడి టైరు నేలకి అంటుకుపోయింది.

డిక్కీలోంచి స్టెప్నీ, జాకీ, పానా తీశాను. జాకీ పెట్టి లేపాను. నట్లు విప్పుతున్నాను. రెండు వచ్చాయి, మూడోది రాలేదు. గట్టిగా ఒక్క లాగు లాగాను. కారు ముందుకి కదిలింది, జాకీ వాలిపోయింది, బండి దభీమని కింద పడింది. చక్రం ఇంకా ఊడదీయలేదు కాబట్టి ఆ టైరు మీదే పడింది. నా చెయ్యి పానా మీద ఉంది కాబట్టి బతికిపోయింది.

హ్యాండ్‌బ్రేక్ వేశాను, ఒట్టు. మరి ఎలా జారింది? కాసేపటికి ఒక లారీ డ్రైవర్ ఆగి, పది నిమిషాల్లో మార్చిపెట్టి వెళ్లాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. కంగారులో పేరు కూడా అడగలేదు.

గోంగూర_పచ్చడి
ఆదివారం, రాత్రి 11:34

ముందు అమ్మగారు ఎలా ఉన్నారో చెప్పండి. కారు సంగతి తర్వాత.

చందు_నందిగామ
ఆదివారం, రాత్రి 11:37

బాగానే ఉంది అండీ. కారులోనే కూర్చుని ఉంది. పడ్డప్పుడు కుదుపుకి భయపడింది, దెబ్బలేమీ లేవు.

పానా_బాబాయ్
ఆదివారం, రాత్రి 11:52

గుంటూరులో ఇరవై రెండేళ్లుగా షెడ్డు నడుపుతున్నా. ఇలా జాకీ మీద నుంచి పడ్డ బళ్లు నెలకి ఒకటైనా వస్తాయి. కొన్నిటితో పాటు వేళ్లకి కట్టు కట్టుకున్న ఓనరు కూడా వస్తాడు. నీకేమీ కాలేదు, సంతోషం.

హ్యాండ్‌బ్రేక్ వేశానంటున్నావు, నమ్ముతున్నా. నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పు బాబూ. గేర్‌లో పెట్టావా, న్యూట్రల్‌లో వదిలేశావా? ఎడమ పక్క చక్రాలు తారు మీద ఉన్నాయా, మట్టి మీదా? ఏ చక్రానికైనా రాయి అడ్డం పెట్టావా? రోడ్డు ముందుకి పల్లంగా ఉందా, ఎత్తుగా ఉందా? బాగా గుర్తు చేసుకుని రాయి.

చందు_నందిగామ
సోమవారం, ఉదయం 7:05

బాబాయ్, రాత్రంతా అదే ఆలోచిస్తూ పడుకున్నా.

న్యూట్రల్‌లోనే ఉంది. ఎక్కడ ఆపినా హ్యాండ్‌బ్రేక్ వేసి న్యూట్రల్ చేయడం నాకు అలవాటు. లారీలు మరీ దగ్గరగా పోతున్నాయని వీలైనంత ఎడమకి జరిపాను, అందుకని ఎడమ చక్రాలు రెండూ మొరం మీదకి దిగాయి. కుడి చక్రాలు తారు మీదే. చక్రాలకి రాయి పెట్టలేదు. కారు వెనక మాత్రం ఓ నాలుగు రాళ్లు పేర్చాను, వచ్చే బండ్లకి కనపడాలని. రోడ్డు కొంచెం ముందుకి పల్లమే, కంటికి తెలియనంత.

పానా_బాబాయ్
సోమవారం, ఉదయం 8:40

దొరికింది. నీ బండిలాంటి చిన్న కార్లలో హ్యాండ్‌బ్రేక్ పట్టుకునేది వెనక రెండు చక్రాలనే. వెనక కుడి చక్రాన్ని నువ్వు గాల్లోకి లేపేశావు. అంటే ఇక నేల మీద బ్రేకు ఉన్న చక్రం ఒక్కటే, వెనక ఎడమది. అదేమో మొరం మీద ఉంది. ముందు చక్రాలు న్యూట్రల్‌లో స్వేచ్ఛగా ఉన్నాయి. వెయ్యి కిలోల బండి, పల్లంలో, గులకరాళ్ల మీద నిలబడ్డ ఒకే ఒక్క టైరు ఆధారంగా నిలిచి ఉంది. నువ్వు లాగిన కుదుపుకి ఆ టైరు బెత్తెడు జారింది, అంతే. ఈ జాకీ నిలువు బరువు మోయడానికే చేసింది. పక్కకి నెడితే మడత కుర్చీలా వాలిపోతుంది.

మొదటి గేర్‌లో గానీ రివర్స్‌లో గానీ పెట్టి ఇంజన్ ఆపేసి ఉంటే ముందు చక్రాలు కూడా పట్టుకునేవి. ఆటోమేటిక్ అయితే పార్కింగ్‌లో పెట్టాలి. దానికి తోడు, లేపే చక్రానికి మూలకి మూలగా ఉన్న చక్రానికి, అంటే నీకైతే ముందు ఎడమదానికి, ముందూ వెనకా రాళ్లు బిగించాలి. ఇటుక వద్దు, బరువు పడితే నలిగిపోతుంది. నా కస్టమర్లకి గట్టి చెక్క ముక్కలు రెండు డిక్కీలో వేసుకోమంటాను. మొరంలో జాకీ పెట్టాల్సి వస్తే అదే చెక్క జాకీ కిందకీ పనికొస్తుంది.

ఇంజనీరు_గారబ్బాయి
సోమవారం, ఉదయం 9:15

బాబాయ్ చెప్పినదాంట్లో ఒకటి మిగిలిపోయింది. అసలు ఆ కుదుపు ఎందుకొచ్చింది? చక్రం గాల్లో ఉండగా నట్లు వదులు చేయడం వల్ల. చిన్న కార్లకి నట్టు బిగింపు సుమారు 100 న్యూటన్ మీటర్లు ఉంటుంది, మీ బండి మాన్యువల్‌లో సరైన అంకె చూసుకోండి. కారుతో వచ్చే పానా పాతిక సెంటీమీటర్లు ఉందనుకుంటే, దాని చివర 40 కిలోల బలం పెడితే గానీ నట్టు కదలదు. షాపులో గాలి గన్నుతో ఎక్కువ బిగించి ఉంటే ఇంకా ఎక్కువ కావాలి. ఆ 40 కిలోల లాగుడు జాకీ మీద నిలబడ్డ కారుకి తగిలింది.

చందు_నందిగామ
సోమవారం, ఉదయం 9:22

ముందు లేపాలా, ముందు వదులు చేయాలా అన్నది నాకు నిజంగా తెలీదు. ముందు చక్రం అయితే గాల్లో తిరిగిపోతుంది కాబట్టి కిందనే వదులు చేయాలని ఎవరో అన్నట్టు గుర్తు. ఇది వెనకది, హ్యాండ్‌బ్రేక్ ఉంది, తిరగదు కదా, లేపాకే విప్పొచ్చు అనుకున్నా.

పానా_బాబాయ్
సోమవారం, ఉదయం 9:50

చాలామంది పడే బోల్తా అదే. తిరగకపోవడమే ఇక్కడ ప్రమాదం. చక్రం తిరిగిపోతే నీ బలం అక్కడే ఖర్చయిపోతుంది. తిరగకపోతే బలమంతా బండికి పోతుంది.

క్రమం చెప్తా. ఇంట్లో ఓసారి చేసి చూడు. బండి నేల మీద ఉండగానే నట్లన్నీ ఒక్కొక్కటి పావు చుట్టు, మహా అయితే అర చుట్టు వదులు చెయ్యి. పూర్తిగా విప్పకు. పానాని ఎడమ పక్కకి చాచినట్టు అడ్డంగా పెట్టి కిందకి నొక్కు. ఒంటి బరువంతా పని చేస్తుంది, నడుం పట్టేయదు. రాకపోతే ఓ గజం ఇనప పైపు పానాకి తొడిగి నొక్కు. పానా మీద ఎక్కి గెంతడం మాత్రం వద్దు. పానా జారితే నీ ముఖం వెళ్లి ఫెండర్‌కి తగులుతుంది, మా షెడ్డులో ఓ కుర్రాడికి పన్ను ఊడింది అలాగే.

తర్వాత జాకీ. తలుపు కింద అంచు పొడవునా రేకు మడత ఒకటి కిందకి వేలాడుతూ ఉంటుంది. ముందు చక్రం వెనక ఓ చోట, వెనక చక్రం ముందు ఓ చోట, ఒక్కో చోట దాని మీద పక్కపక్కనే రెండేసి గాట్లు ఉంటాయి. ఆ రెండు గాట్ల మధ్య మాత్రమే రేకు మందం. జాకీ తల మీద గాడిలో ఆ మడత కూర్చోవాలి. అక్కడ తప్ప ఇంకెక్కడ పెట్టినా రేకు లోపలికి పోతుంది. నీ బండి పడ్డప్పుడు ఆ మడత వంగి ఉంటుంది, రంగు ఊడి ఉంటుంది. చూసుకో, తుప్పు పట్టకముందే సరిచేయించు.

టైరు నేల వదిలేంత వరకే లేపు. స్టెప్నీలో గాలి ఉంటుంది, అది పంక్చరైనదానికంటే ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఇంకో రెండంగుళాలు అదనం. ఇప్పుడు విప్పే ముందు ఒక పని. స్టెప్నీని పడుకోబెట్టి, జాకీ పక్కన కారు అంచు కిందకి తోసెయ్యి. చక్రం ఊడదీశాక, ఊడదీసినదాన్ని కిందకి తోసి స్టెప్నీని బయటికి లాగు. ఈ మధ్యలో ఎప్పుడు జాకీ జారినా బండి ఆ చక్రం మీద ఆగుతుంది, నీ కాలి మీద కాదు. చక్రాన్ని పట్టుకునేటప్పుడు కింద వేళ్లు పెట్టకు, రెండు పక్కల నుంచి పట్టుకో.

గోంగూర_పచ్చడి
సోమవారం, ఉదయం 10:30

ఇన్నేళ్లలో ఎనిమిది సార్లు మార్చి ఉంటాను. స్టెప్నీ కింద పెట్టాలని ఇవాళే తెలిసింది. సిగ్గుగా ఉంది.

లారీ_రామన్న
సోమవారం, మధ్యాహ్నం 1:10

సూర్యాపేట మాది. అదే రోడ్డు మీద పాతికేళ్లుగా బండి తోలుతున్నా. మీరంతా జాకీ గురించి మాట్లాడుతున్నరు. నాకైతే ఆ తమ్ముడు జాకీ జారి చావకపోవడం కంటే, వెనక నుంచి ఏ బండీ గుద్దకపోవడమే పెద్ద అదృష్టం అనిపిస్తుంది.

కుడి టైరు. మన దేశంలో కుడి టైరంటే రోడ్డు వైపు టైరు. అంటే తమ్ముడు రోడ్డుకి వీపు పెట్టి, వంగి, సాయంత్రం ఆరున్నరకి కూర్చున్నడు. అటు పోయేటప్పుడు ఎండ పొద్దు సరిగ్గా కండ్లల్లో కొడుతది. ఎదురు అద్దం మీద దుమ్ముంటే ఇక ఏమీ కనబడదు. మా క్యాబిన్ నుంచి చూస్తే ఆగిన కారు, పోతున్న కారు దూరం నుంచి ఒక్కలాగే ఉంటయ్. హజార్డ్ లైటు ఎండలో ఆనదు. అది ఆగి ఉందని తెలిసేసరికి దగ్గరికి వచ్చేస్తం. లోడు బండి కారులా టక్కున ఆగదు తమ్మీ.

బండి ఆగిందని వెనకోళ్లకి చెప్పే ఎర్ర ట్రయాంగిల్ ఎక్కడ పెట్టినవ్?

చందు_నందిగామ
సోమవారం, మధ్యాహ్నం 1:25

పది అడుగుల దూరంలో అన్నా. గాలికి పడిపోయింది కూడా. అందుకే రాళ్లు పేర్చాను.

లారీ_రామన్న
సోమవారం, మధ్యాహ్నం 1:48

పది అడుగులంటే అది ట్రయాంగిల్ కాదు, ముగ్గు.

కనీసం డెబ్బై, ఎనభై అంగలు వెనక్కి నడవాలె. వెనక మలుపుంటే మలుపుకి అవతల పెట్టాలె, ఎత్తు దిగే చోటైతే ఎత్తు మీద పెట్టాలె. నడిచేటప్పుడు రోడ్డు అంచున కాదు, రెయిలింగ్ అవతల గడ్డిలో నడువు. ట్రయాంగిల్‌ని ఛాతీ ముందు పట్టుకుని, వచ్చే బండ్లకి చూపిస్తూ పో. లారీ పోయిన గాలికి పడుతది, దాని కాళ్ల మీద చిన్న బరువు పెట్టు.

ఇంకోటి అడుగుత, కోపం చేయకు. పోయేటప్పుడు ఆ రాళ్లు తీసినవా?

ఇంజనీరు_గారబ్బాయి
సోమవారం, మధ్యాహ్నం 2:05

రామన్న గారి మాటకి లెక్క. గంటకి 100 కి.మీ. వేగం అంటే సెకనుకి 28 మీటర్లు. 80 అయితే 22 మీటర్లు. పది అడుగులు మూడు మీటర్లు. దాన్ని చూశాక డ్రైవర్ కనురెప్ప వేసేలోపు మీ మీద ఉంటాడు. 50 మీటర్లు పెట్టినా అతనికి దొరికేది రెండు సెకన్లే, బ్రేకు మీద కాలు పెట్టడానికే ఒక సెకను పోతుంది.

ఝాన్సీ_స్టీరింగ్
సోమవారం, సాయంత్రం 6:30

ఇందులో నేను వేరేగా ఆలోచిస్తా. ఆ టైరు అక్కడ మార్చాల్సిన అవసరమే లేదు.

పోయిన ఏడాది ఔటర్ రింగ్ రోడ్డు మీద, రాత్రి తొమ్మిదిన్నర. నాది కూడా వెనక కుడి టైరే, పిల్లలిద్దరూ వెనక సీట్లో. టైరు మార్చడం నాకు బాగా వచ్చు, మా నాన్న పెళ్లికి ముందే నేర్పించి పంపారు. అయినా ముట్టుకోలేదు. హజార్డ్ వేసి నడక వేగంతో, దబదబ కొట్టుకుంటూ, రోడ్డు వెడల్పుగా లైటు ఉన్న చోటు వచ్చేదాకా పోయాను. పిల్లల్ని ఎడమ తలుపు నుంచి దింపి రెయిలింగ్ అవతలికి, కారుకి బాగా వెనక్కి తీసుకెళ్లి నిలబెట్టాను. కారు ముందు నిలబెట్టకండి, ఎవరైనా గుద్దితే కారు ముందుకే వస్తుంది. తర్వాత ఫోన్ చేశాను. నలభై నిమిషాలు దోమలు కుట్టాయి, అంతే నష్టం.

టైరు చచ్చింది, నిజమే. పక్క గోడ నలిగి ఇక పనికిరాదన్నారు. ఐదు వేల చిల్లర అయింది. చందూ, నీ తప్పు హ్యాండ్‌బ్రేక్‌లో లేదు తమ్ముడూ, ఆపిన చోటులో ఉంది. ఇంకో అర కిలోమీటరు పోయుంటే ఏ డాబానో, పెట్రోల్ బంకో తగిలేదేమో.

స్పీడు_శీను
సోమవారం, రాత్రి 7:12

అక్కా, గాలి లేకుండా అర కిలోమీటరు పోతే రిమ్ము కూడా పోతుంది. అల్లాయ్ అయితే పగిలిపోతుంది. అందరూ అంత ఖర్చు పెట్టలేరు. వెంటనే ఆపేయడమే కరెక్ట్.

ఝాన్సీ_స్టీరింగ్
సోమవారం, రాత్రి 7:20

రిమ్ము ఎంత తమ్ముడూ?

స్పీడు_శీను
సోమవారం, రాత్రి 7:24

ఎనిమిది, పది వేలు.

ఝాన్సీ_స్టీరింగ్
సోమవారం, రాత్రి 7:25

మా పిల్లలు ఇద్దరు.

పానా_బాబాయ్
సోమవారం, రాత్రి 8:15

అమ్మాయి మాటే నా మాట. నెమ్మదిగా, మనిషి నడిచినంత వేగంతో పోతే రిమ్ము ప్రతిసారీ పోదు. గోతుల్లో దూకిస్తేనే పోతుంది. ఎడమ టైరు పంక్చరై, పక్కన కావలసినంత చోటు, పగలు, నేల గట్టిగా ఉంటే హాయిగా మార్చుకో. కుడి టైరు, హైవే, చీకటి, ఈ మూడూ కలిస్తే చోటు మార్చు, లేదా పానా ముట్టుకోకుండా 1033కి ఫోన్ చెయ్యి. జాతీయ రహదారుల సంస్థ నంబరు అది, ఇరవై నాలుగు గంటలూ పని చేస్తుంది. గస్తీ బండి వచ్చి వెనక అడ్డంగా నిలబడితే చాలు, సగం ప్రాణం వస్తుంది. ఫోన్ చేసేటప్పుడు రోడ్డు పక్క కిలోమీటరు రాయి మీద అంకె, మీరు ఏ ఊరి వైపు పోతున్నారో, రెండూ చెప్పాలి. డివైడర్‌కి అటా ఇటా అన్నది తెలియకపోతే వాళ్లు ఎక్కడో తిరిగి రావాలి.

ఇంకో మాట. ఝాన్సీ పిల్లల్ని దింపింది చూడు. నువ్వు అమ్మని కారులోనే కూర్చోబెట్టి జాకీ ఎత్తావు. లోపల మనిషి పక్కకి ఒరిగినా బండి ఊగుతుంది.

చందు_నందిగామ
సోమవారం, రాత్రి 8:31

అమ్మకి మోకాళ్ల నొప్పి బాబాయ్, రెయిలింగ్ దాటలేదు. అప్పుడు ఫ్లాస్కులోంచి టీ పోస్తోంది, నాకే. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తోంది.

రిటైర్డ్_మాస్టారు
సోమవారం, రాత్రి 9:40

మీ చర్చ ఆసక్తిగా చదువుతున్నాను. విషయానికి కాస్త పక్కకి వెళ్తున్నా, మన్నించండి. మనం నిమిషానికోసారి అంటున్న ఈ ‘స్టెప్నీ’ ఒక వీధి పేరు. తొలినాళ్ల కార్లకి అదనపు చక్రం ఉండేది కాదు. 1904లో వేల్స్‌లోని లానెల్లీ ఊళ్లో, స్టెప్నీ వీధిలో తయారైంది ఇది. ఊచలు లేని ఒక రిమ్ము, దాని మీద గాలి నింపిన టైరు. పంక్చరైన చక్రాన్ని ఊడదీయకుండానే దాని పక్కన బిగించేసి ఇంటికి పోవడమే. ఆ వస్తువు ఎప్పుడో పోయింది, పేరు మాత్రం మన నాలుక మీద మిగిలింది.

అంటే చందు బాబు ఆ రోజుల్లో పుట్టి ఉంటే జాకీ జారి ఉండేది కాదేమో.

గోంగూర_పచ్చడి
సోమవారం, రాత్రి 9:52

మాస్టారూ, ఆ రోజుల్లో పుట్టి ఉంటే ఎడ్లబండిలో వచ్చేవాడు.

డాలస్_బుజ్జి
మంగళవారం, ఉదయం 6:15

ఇక్కడ అంతా తిరగేసి. బండ్లు కుడి పక్కన నడుస్తాయి కాబట్టి ప్రమాదం ఎడమ టైరుతో. ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడ కంగారులో రోడ్డు వైపు తలుపు తీసి దిగేస్తారు, అలవాటు అలాంటిది. ఇంకో సంగతి, కొత్త కార్లలో చాలావాటికి స్టెప్నీయే ఉండటం లేదు. మా కారు డిక్కీ తెరిస్తే ఓ చిన్న కంప్రెసర్, ఓ జిగురు డబ్బా. కొన్న రెండేళ్లకి గానీ నేను ఆ మూత తీసి చూడలేదు.

ఇంజనీరు_గారబ్బాయి
మంగళవారం, ఉదయం 8:50

ఇండియాలో కూడా అంతే బుజ్జి గారూ. ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చర్ కిట్టు, టైరులో గాలి తగ్గితే చెప్పే సెన్సర్లు ఉంటే స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో నిబంధన మార్చారు. ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీకి చోటు కోసం చాలావాటిలో తీసేశారు. జిగురు డబ్బా మేకు దిగిన చిన్న రంధ్రానికే పనికొస్తుంది. పక్క గోడ చీలితే అది పోసినా రోడ్డు పాలే. కారు కొనేముందు డిక్కీ అడుగు చాప ఎత్తి చూడండి.

స్టెప్నీ ఉన్నా సన్నటిది ఉంటే దాని మీద 80 అని రాసి ఉంటుంది. అంతకు మించి వేగం పోకూడదని. దానితో పంక్చర్ షాపు దాకా పోవాలి గానీ తిరుపతి దాకా కాదు.

ఝాన్సీ_స్టీరింగ్
మంగళవారం, మధ్యాహ్నం 12:20

అల్లాయ్ చక్రాలు ఉన్నవాళ్లకి ఒకటి. దొంగలు ఎత్తుకుపోకుండా కొన్ని బళ్లలో ప్రతి చక్రానికి ఒక నట్టు వేరే ఆకారంలో ఉంటుంది, దానికి ప్రత్యేకమైన చిన్న తాళం లాంటి సాకెట్ ఇస్తారు. అది లేకపోతే ఎంత పెద్ద పానా ఉన్నా చక్రం రాదు. మాది సర్వీసుకి ఇస్తే ఆ సాకెట్ వాళ్ల దగ్గరే ఉండిపోయింది. నాలుగు నెలల తర్వాత పంక్చరైనప్పుడు తెలిసింది. ఇప్పుడు బండి తెచ్చుకునేటప్పుడు బిల్లు కంటే ముందు అదే అడుగుతా.

స్పీడు_శీను
మంగళవారం, మధ్యాహ్నం 3:05

నేనూ ఒకటి చెప్తా. పక్కన బైకు మీద వచ్చి ‘అన్నా టైరులో గాలి లేదు’ అని చెయ్యి ఊపితే వెంటనే ఆపకండి. ఒకడు అలా ఆపించి, వాడే చూపించిన పంక్చర్ షాపులో నా టైరుకి ఐదు పంక్చర్లు చూపించారు. కన్నాలన్నీ తాజాగా మెరుస్తున్నాయి. ఐదింటికీ డబ్బులు కట్టి వచ్చా. నిజంగా గాలి పోతే స్టీరింగో సీటో చెప్తుంది. అనుమానం ఉంటే జనం ఉన్న బంకులో ఆపి చూసుకోండి. టైరు పని అయ్యేదాకా దాని పక్కనే నిలబడండి.

పానా_బాబాయ్
మంగళవారం, మధ్యాహ్నం 3:40

మా వృత్తికి చెడ్డపేరు తెచ్చేది అలాంటివాళ్లే. మేకు కనపడితే రోడ్డు మీద పీకకండి. అది బిరడాలా పని చేస్తూ ఉంటుంది, మెల్లగా షాపుకి చేరొచ్చు. పీకితే బుస్సున పోతుంది.

బిగించడం గురించి చెప్పడం మరిచా. నట్టుకి ఒక పక్క వాలుగా సన్నబడి ఉంటుంది, ఆ పక్కే చక్రం వైపు ఉండాలి. తిరగేసి బిగిస్తే పట్టినట్టే ఉండి వదులవుతుంది. ముందు అన్నీ చేత్తో తిప్పు, తర్వాత జాకీ కొంచెం దించి టైరు నేలకి ఆనాక పానా పట్టు. వరసగా బిగించకు. ఒకటి బిగించాక దానికి ఎదురుగా ఉన్నది. ఐదు నట్లుంటే మనం పిల్లప్పుడు చెయ్యి ఎత్తకుండా గీసే నక్షత్రం బొమ్మ ఉంటుందే, ఆ వరస. వరసగా బిగిస్తే చక్రం ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుంది. నట్లకి నూనె పూయొద్దు. యాభై కిలోమీటర్లు పోయాక మళ్లీ ఓసారి పానా వేసి చూడు. చందూ, నువ్వు చూశావా?

చందు_నందిగామ
మంగళవారం, సాయంత్రం 5:00

చూడలేదు. ఇప్పుడే కిందకి వెళ్తున్నా.

చందు_నందిగామ
మంగళవారం, సాయంత్రం 5:18

ఒకటి కొంచెం తిరిగింది.

చందు_నందిగామ
మరుసటి ఆదివారం, సాయంత్రం 4:10

వారం తర్వాత కబుర్లు. ఈరోజు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మొత్తం మళ్లీ చేశాను. అదే బండి, అదే టైరు. గేర్‌లో పెట్టి, ముందు ఎడమ చక్రానికి చెక్క ముక్కలు బిగించి మొదలుపెట్టా. మొదటి నట్టు దగ్గరే ఆగిపోయా. పోయినవారం పంక్చర్ షాపులో గన్నుతో ఎంత బిగించారంటే పానా వంగుతోంది గానీ నట్టు కదలట్లేదు. వాచ్‌మన్ పైపు ముక్క తెచ్చిచ్చాడు. పైపు తొడిగి కిందకి నొక్కితే ‘టక్’ మని వదిలింది. మునగాల దగ్గర గాల్లో ఉన్న బండికి ఈ బలమే పెట్టానా అనిపించింది.

నట్లన్నీ తీశాక చక్రం రాలేదు. మధ్యలో పాత తుప్పుకి బిగుసుకుపోయింది. ఊపుదామని చెయ్యి వేసి, బాబాయ్ గుర్తొచ్చి ఆగిపోయా. నట్లు మళ్లీ రెండు చుట్లు వేసి, జాకీ దించి, నేల మీద టైరుని పక్క నుంచి కాలితో రెండు తన్నులు తన్నా. వదిలింది. మళ్లీ లేపి తీశా. మొత్తం 38 నిమిషాలు.

అసలు షాక్ స్టెప్నీ. గాలి చూపిస్తే 11 పి.ఎస్.ఐ. ఉంది. ఉండాల్సింది 33. పోయినవారం పంక్చర్ షాపు దాకా దాని మీదే పోయామన్నమాట. దాని పక్క గోడ మీద చివరి నాలుగంకెలు 1419. అంటే 2019లో పద్నాలుగో వారం తయారీ. ఆరేళ్లలో ఒక్కసారి కూడా గాలి కొట్టించలేదు. ఇప్పుడు నెలకోసారి నాలుగు టైర్లతో పాటు ఐదోదానికీ అని అమ్మ క్యాలెండర్‌లో గుర్తు పెట్టింది. జాకీ ఎత్తుతున్నంతసేపూ ఆవిడ పీట వేసుకుని లిఫ్ట్ దగ్గర కూర్చుంది, ‘నేను దిగే ఉన్నానురా’ అని రెండుసార్లు చెప్పింది.

రామన్న అన్నా, మీరు అడిగినదానికి ఆ రోజు జవాబు చెప్పలేదు. రాళ్లు తీయలేదు. ఆ లారీ అన్న బయల్దేరమన్నాడు, బయల్దేరిపోయా. మీరు అడిగాకే గుర్తొచ్చింది. సోమవారం మధ్యాహ్నమే 1033కి ఫోన్ చేసి, మునగాల దగ్గర, హైదరాబాద్ వెళ్లే వైపు, ఎడమ అంచున నాలుగు రాళ్లు అని చెప్పాను. కిలోమీటరు రాయి అంకె అడిగారు, చెప్పలేకపోయా. పక్కన ఉన్న వేపచెట్టు, మూసేసిన టీ బడ్డీ గుర్తులు చెప్పా. తీశారో లేదో తెలీదు.

లారీ_రామన్న
మరుసటి ఆదివారం, రాత్రి 8:45

బుధవారం రాత్రి ఆ దారినే వచ్చిన. టీ బడ్డీ దగ్గర స్లో చేసి చూసిన. రాళ్లు లేవు తమ్మీ. నీ ట్రయాంగిల్ ఒకటి గడ్డిలో పడి ఉంది, తెచ్చిన. సూర్యాపేట దిక్కు వచ్చినప్పుడు చెప్పు.